ఏడూ పదికి తీసిన రక్తం

పోయిన వారం మనం పైవాణ్ణి కార్ఖానా డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చేశాం. మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఒళ్ళో నల్ల జిప్పు సంచి, అందులో షుగరు చూసే మీటరు. పక్కన బ్రేకుల మెకానిక్కు. ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పైవాడంటే దేవుడు కాడు. ఇనుప దూలాలు తయారయ్యే షెడ్డులో, నలభై అడుగుల ఎత్తున పట్టాల మీద నడిచే పెద్ద క్రేనుకి డ్రైవరు. పొద్దున్న ఆరింటికి నిచ్చెన ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి గాని నేల మీద కాలు మోపడు. కింద గొలుసులు కట్టేవాళ్ళు దూలానికి కొక్కెం తగిలించి, తల పైకెత్తి, ఇక పైవాడిదే భారం అని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులోంచి పుట్టిన పేరది. పదహారేళ్ళు ఆ పేరుకి మచ్చ రాలేదు. మూడు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున్న ఏడూ ఇరవై అయిదుకి వచ్చింది. దూలం దిగాల్సిన చోటు దాటిపోయి, గొలుసులు కట్టే పెద్దాయనకి జానెడు దూరంలో నేలని గుద్దింది. పెద్దాయన ఒంటి మీద గీత పడలేదు. కానీ అప్పటినుంచి క్రేను గంట వినబడితే చాలు, ఎక్కడున్నవాడు అక్కడే చతికిలబడుతున్నాడు.

బ్రేకు పట్టలేదని పైవాడు చెప్పాడు. అది అబద్ధం. బ్రేకు చక్కగా పట్టింది. పట్టు తప్పింది అతని చూపు. ఆ క్షణాన కింద ఉన్న ఒక్క మనిషి ఇద్దరుగా కనబడ్డాడు, నేల మీది పసుపు గీత తడి కాగితం మీద సిరాలాగా అలుక్కుపోయింది. ఈ సంగతి అతనికీ, అతని భార్యకీ, మనకీ తప్ప ఇంకో ప్రాణికి తెలీదు.

ఇంకొక సంగతి కూడా ఆ ఇద్దరి మధ్యే ఉంది, అది దీనికన్నా సిగ్గుచేటు. షుగరున్న క్రేను డ్రైవర్లు సోమవారం, గురువారం పరగడుపున వేలు గుచ్చుకుని చూసుకోవాలి. శుక్రవారం మీటరు తెచ్చి నర్సమ్మకి చూపించాలి. నోటిమాట కుదరదు, మీటరు తన కడుపులో దాచుకున్న అంకెల్నే ఆవిడ పుస్తకంలోకి ఎక్కిస్తుంది. ఏడాదిగా ఆ మీటరు తాగుతున్న రక్తం మాత్రం పైవాడిది కాదు. అతను డ్యూటీకి వెళ్ళాక, ఇంట్లో భార్య తన వేలు గుచ్చుకుని చూసి పెట్టేది. శుక్రవారం అతను ఆ సంచి చంకన పెట్టుకుని, బుద్ధిమంతుడిలాగా నర్సమ్మ ముందు నిలబడేవాడు. శభాష్, ఇలాగే ఉండాలి అని ఆవిడ మెచ్చుకుంటే తల కూడా ఊపేవాడు.

అదీ ఇప్పటిదాకా కథ. ఇక బెంచీ దగ్గరికి వద్దాం.

మెకానిక్కు ముప్పై దాటని మనిషి, మాట తక్కువ. పొద్దుటినుంచీ తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎంత కడిగినా పోని చేతులు. లోపలినుంచి డాక్టరమ్మ సంతకం పెట్టిన కాగితం బయటికి రాగానే, మేనేజరు దాన్ని బట్టి తీర్పు చెబుతాడు. డ్రైవరు ఒంట్లో బాగున్నట్టయితే తప్పు బ్రేకుది, బ్రేకు తప్పంటే మెకానిక్కుది, మెకానిక్కు రేపటినుంచి రానక్కర్లేదు. ఇందులో దాపరికమేమీ లేదు, షెడ్డంతటికీ తెలిసిందే. ఆ తీర్పు వచ్చేదాకా పైవాడికి ఆరింటినుంచి రెండింటిదాకా కింద స్టోరులోనే డ్యూటీ.

పైవాడు నాలుకతో పెదవులు తడుపుకోవడం చూసి మెకానిక్కు లేచి వెళ్ళి మంచినీళ్ళు పట్టుకొచ్చాడు. పైవాడు గ్లాసు మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు. రెండో గ్లాసు అడగాలని ఉన్నా అడగలేకపోయాడు.

"మూడుసార్లు విప్పి చూశానన్నా ఆ బ్రేకుని," అన్నాడు మెకానిక్కు మెల్లగా. "లైనింగు బాగుంది, స్ప్రింగు బాగుంది. ఎక్కడ తప్పు చేశానో నాకే దొరకట్లేదు. నీకేమైనా తోస్తే చెప్పు, ఈసారి ఇంకోడి ప్రాణం మీదికి రాకుండా చూసుకుంటాను."

పైవాడికి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. కాలరు పట్టుకున్నా బాగుండేది. తనకి అన్నం లేకుండా చేయబోయేవాడికి నీళ్ళు తెచ్చిచ్చి, సలహా అడుగుతున్నాడు. జవాబేం చెప్పాలా అని నీళ్ళు నములుతుండగా లోపలినుంచి పిలుపొచ్చింది. బతికానురా అనుకుంటూ లేచాడు. అలా అనుకున్నందుకు ఇంకాస్త సిగ్గుపడ్డాడు.

డాక్టరమ్మ రెండు వారాలకోసారి వచ్చే మనిషి. తల ముగ్గుబుట్ట. గొంతు ఎప్పుడూ పెంచదు గానీ, ఆవిడ ముందు నిలబడితే పెద్ద పెద్ద ఫోర్‌మెన్లు కూడా హోంవర్కు చెయ్యని పిల్లల్లాగా అయిపోతారు. గదిలో ఒక బల్ల, ఒక తూకం, కళ్ళ పరీక్షకి గోడ మీద అక్షరాల అట్ట. పైవాడు అలవాటుగా ఆ అట్ట వైపు చూశాడు. పై రెండు వరసలు తప్ప మిగతాదంతా మసక. గబుక్కున చూపు తిప్పేసుకున్నాడు.

ఆవిడ ముందు రెండు ఆధారాలున్నాయి. ఒకటి నర్సమ్మ పుస్తకం. రెండోది మేనేజరు పంపిన చీటీ. ఆ చీటీలో మేనేజరు పెద్ద విషయం కనిపెట్టినట్టు రాశాడు. ప్రమాదం జరిగిన రోజున, సరిగ్గా పదిహేను నిమిషాల ముందు, అంటే ఏడూ పదికి, డ్రైవరు షుగరు నూట ఒకటి ఉందని మీటరే సాక్ష్యం చెబుతోందట. ఇంతకన్నా రుజువేం కావాలి, సంతకం పెట్టి పంపండి అని కింద ఒక గీత గీశాడు.

డాక్టరమ్మ మీటరు తీసుకుని బొత్తాలు నొక్కుతూ పాత అంకెల్లోకి వెనక్కి వెళ్ళింది. ఈమధ్య అంకెలు బాగా పెరిగాయని, ప్రమాదం తాలూకు దిగులేమోనని అంది. పైవాడు తల ఊపాడు. పెరుగుతున్న సంగతి అతనికీ తెలుసు. అందుకు ఇంట్లో జరిగిన గొడవ కూడా అతనికి తెలుసు, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. ఆవిడ కళ్ళజోడు తల మీదికి నెట్టి అతని వైపు చూసింది.

"మీరు పైకెక్కేది ఎన్నింటికి?"

ఆరింటికన్నాడు.

"అయితే ఈ ఏడూ పది రక్తం పైన క్యాబిన్లో తీసిందా? మీటరు కూడా పట్టుకెళ్ళారా పైకి?"

చూశారా, సందు ఎంత చిన్నదో. అవునంటే చాలు. మూడే మూడు అక్షరాలతో పని అయిపోతుంది. మీటరు పైకి పట్టుకెళ్ళకూడదని రూలేం లేదు. అవునంటే ఆవిడ సంతకం పెడుతుంది, రేపు మళ్ళీ నిచ్చెన ఎక్కుతాడు, కింద అందరూ మళ్ళీ తలలెత్తి నవ్వుతారు. పైవాడి నోట్లో ఆ మాట దాదాపు కూడుకుంది కూడా. కానీ నోట్లో ఇంకా మెకానిక్కు తెచ్చిచ్చిన నీళ్ళ తడి ఉంది. ఆ తడితో ఈ మాట పలకాలంటే మొహం చెల్లలేదు.

"లేదమ్మా," అన్నాడు. "పైకి తీసుకెళ్ళలేదు. ఆ రక్తం నాది కాదు."

ఆవిడ సొరుగు తీసి సూది, కొత్త స్ట్రిప్పు బయట పెట్టి, చెయ్యి ఇవ్వమన్నట్టు అరచెయ్యి చాపింది. పైవాడు చెయ్యి ఇచ్చాడు. ఏడాదిగా సూది తగలని వేలు. చిన్న పిల్లాడిలాగా కళ్ళు మూసుకున్నాడు. మీటరు అయిదు లెక్కపెట్టి కూత పెట్టింది. మూడువందల ఇరవై ఏడు.

పొద్దున్న ఏం తిన్నారని అడిగింది. ఏమీ తినలేదన్నాడు. మాత్రలు వేసుకుంటున్నారా అంది. ఇక దాచి ఏం లాభమని మొత్తం కక్కేశాడు. మూడేళ్ళ కిందట షుగరని తేలినప్పుడు మాత్రలు బుద్ధిగానే వేసుకున్నాడు. ఒకరోజు ఆలస్యమైందని తిండి మానేసి మాత్ర మాత్రం మింగి పైకెక్కాడు. తొమ్మిదింటికల్లా ఒళ్ళంతా చల్లటి చెమట, క్రేను నడిపే లివరు మీద చెయ్యి గడగడా వణుకు. ఎలాగో బరువు దించేసి, క్యాబిన్లో మూలకి నక్కి కూర్చున్నాడు. అప్పటినుంచి మాత్రలంటే భయం పట్టుకుంది. ఎవరితోనైనా చెబితే కిందికి దింపేస్తారని మాత్రలే మానేశాడు. మానేశాక దాహం, గంటగంటకీ ఒంటేలు. నలభై అడుగులు ఎన్నిసార్లు దిగి ఎక్కుతాడు? క్యాబిన్లో ఒక సీసా పెట్టుకున్నాడు. రోజూ దాన్ని అన్నం సంచిలో, గిన్నెల కింద దాచి కిందికి తెచ్చేవాడు. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు అతని గొంతు దాదాపు వినబడలేదు.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ కలం మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆ మాత్రకి తిండి తోడుండాలి. వణుకొచ్చిందని ఒక్క మాట నాతో అని ఉంటే, పొద్దున్న టిఫిను తప్పకుండా తినాలని, మధ్యలో పదింటికి కిందికి దిగి ఏదైనా తినాలని రాసిచ్చేదాన్ని. జేబులో నాలుగు చక్కెర బిళ్ళలు పెట్టుకోమనేదాన్ని. లేకపోతే మాత్రే మార్చేదాన్ని. షుగరుందని గానీ, ఒకసారి వణుకొచ్చిందని గానీ మిమ్మల్ని ఎవరూ దింపరు. ఈ షెడ్డులో ఇంకో ఇద్దరికి ఉంది. ఇద్దరూ మీలాగే పైనే ఉన్నారు."

ఆ ఇద్దరెవరో ఆవిడ చెప్పలేదు. రోజూ పలకరించే మొహాలన్నీ పైవాడి కళ్ళ ముందు తిరిగాయి. పదింటికల్లా చిన్న డబ్బా తీసుకుని నిచ్చెన దిగేవాణ్ణి చూసి, వీడికి పొద్దస్తమానం తిండి ధ్యాసేనని తనే వేళాకోళం ఆడిన రోజు గుర్తొచ్చింది. ఏ పరువు పోతుందని ఇంత చేశాడో, ఆ పరువుకి ముప్పే లేదు. ఎవరూ అడగని దొంగతనం ఏడాదిపాటు చేశాడు. భూమి విచ్చుకుంటే దూరిపోదామనుకున్నాడు గానీ సిమెంటు గచ్చు అలాంటి సదుపాయాలు చెయ్యదు.

తెల్ల కాగితం ముందుకి జరిపి జరిగింది జరిగినట్టు రాయమంది. రాశాడు. బ్రేకు పట్టిందని, కళ్ళు మసకబారాయని, రీడింగులు తనవి కావని. సంతకం పెట్టాక కాస్త ఊపిరాడింది. ఇంతటితో అయిపోయిందనుకున్నాడు. అతను లేవబోతుంటే ఆవిడ మీటరు వదల్లేదు.

"కూర్చోండి. మీ సంగతి సరే. మరి ఇవి ఎవరివి?"

మా ఆవిడవి అన్నాడు. ఆవిడ అతని పేరు రాసి ఉన్న కాగితం మీద అంకెలు ఒకదాని కింద ఒకటి రాసింది. ప్రమాదం రోజు నూట ఒకటి. ఆ గురువారం నూట ముప్పై తొమ్మిది. తర్వాత నూట అరవై ఎనిమిది, నూట తొంభై ఏడు, రెండువందల ఇరవై, రెండువందల నలభై. నిన్న పొద్దున్న, పరగడుపున, రెండువందల అరవై రెండు.

"ఇవి మీవనుకుని దిగులేమో అన్నాను. మీవి కావంటున్నారు కదా. అయితే షుగరు లేని మనిషికి మూడు వారాల్లో ఇంత పెరిగింది. దాహం ఎక్కువైందా ఆవిడకి? చిక్కిపోయిందా? నీరసంగా ఉంటోందా?"

పైవాడికి తెలీదు. పదహారేళ్ళు నలభై అడుగుల మీదినుంచి కింద ఎవడు ఏ కాలు ముందు వేస్తాడో చూస్తూ బతికినవాడు, ఒకే గదిలో ఎదురుగా కూర్చుని అన్నం పెట్టే మనిషి చిక్కిందో లేదో చెప్పలేకపోయాడు.

చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. అది డాక్టరమ్మతో అనలేకపోయాడు గానీ మనకి తెలియాలి. రెండు నెలల కిందట, ఎదురింటి పిల్లాడి పుట్టినరోజుకి వెళ్ళొచ్చిన మర్నాడు, మీటరు నూట ఇరవై ఎనిమిది చూపించింది. నర్సమ్మ కనుబొమ్మలు ముడిచి, కేకు ముక్క లాగించారా ఏంటని అడిగింది. అంతే, పైవాడు ఇంటికొచ్చి భార్య మీద విరుచుకుపడ్డాడు. నీ నోటికి తాళం వేసుకోలేవా, నా ఉద్యోగం ఊడగొట్టేదాకా ఊరుకోవా అన్నాడు. తన వేలిని పొడుచుకుని తన మొగుణ్ణి కాపాడుతున్న మనిషిని, ఆవిడ తిన్న ఒక్క కేకు ముక్కకి నిలదీశాడు. ఆ మర్నాటినుంచి ఆవిడ టీలో చక్కెర మానేసింది. ఇక ఈ మూడు వారాలూ అంకె పెరిగినప్పుడల్లా అరిచాడు. దొంగచాటుగా ఏం తింటున్నావు అని కూడా అన్నాడు. ఆవిడ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడాన్ని తప్పు ఒప్పుకోవడం కింద జమకట్టుకున్నాడు.

డాక్టరమ్మ పెద్దాసుపత్రికి ఉత్తరం రాసి, రెండు పేర్లకీ చోటు వదిలింది. మీరూ ఆవిడా ఇద్దరూ ఇవాళే, రేపు కాదు, ఇవాళే వెళ్ళాలంది. మీటరు, అంకెల కాగితం కూడా అతని చేతిలో పెట్టింది. అక్కడ చూపించాలట.

బయటికొస్తే మెకానిక్కు లేచి నిలబడ్డాడు. పైవాడు తల దించుకునే చెప్పాడు. బ్రేకులో ఏ తప్పూ లేదు తమ్ముడూ, నాకు కళ్ళు కనబడలేదు, అబద్ధం చెప్పాను, ఇప్పుడు రాసిచ్చాను.

మెకానిక్కు విప్పుకున్న చొక్కా చేతుల బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకున్నాడు.

"మూడు వారాలుగా ఏ బోల్టు బిగించినా పదిసార్లు చూసుకుంటున్నానన్నా," అన్నాడు. "నా చేతుల్ని నేనే నమ్మడం మానేశాను."

అంతే. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడం చూస్తూ పైవాడు కాసేపు నిలబడ్డాడు. వెనకాల పిలిచి క్షమించమని అడగాలనుకున్నాడు. అడిగితే ఆ భారం కూడా అతని మీదే వేసినట్టవుతుందని ఊరుకున్నాడు.

ఇల్లు కార్ఖానాకి ఇరవై నిమిషాల నడక. కింది వాటా, రెండు గదులు. కిటికీ పక్కన కుట్టు మిషను. భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు, అతనూ, ఆవిడా, పదేళ్ళ బుల్లి. బుల్లి అయిదో తరగతి. తండ్రి ఉద్యోగమంటే దానికి మహా గొప్ప, మా నాన్న అందరికన్నా ఎత్తులో పనిచేస్తాడని బడిలో చెప్పుకుంటుంది. దారంతా పైవాడు భార్య మొహం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నిన్నటి మొహం, మొన్నటి మొహం. కళ్ళ కింద గుంటలున్నాయా? మెడ ఎముకలు బయటికొచ్చాయా? ఏదీ గుర్తు రాలేదు. అరిచినప్పుడు దించుకున్న తల ఒక్కటే గుర్తొచ్చింది.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆవిడ మిషను ముందు ఉంది. పన్నెండింటికే మొగుడు ఇంటికొచ్చాడంటే ఏదో మునిగిందని అర్థమై లేవబోయింది. అతను వద్దని భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చుని ఆవిడ మొహంలోకి చూశాడు. ఎన్నాళ్ళయిందో అలా చూసి. మనిషి బాగానే ఉన్నట్టుంది. బుగ్గలు బుగ్గల్లాగే ఉన్నాయి. అయినా తన చూపుని తను నమ్మే రోజులు పోయాయి కదా.

ఆవిడ ఒళ్ళో ముదురు నీలం స్కర్టు, నడుము దగ్గర కుట్టు విప్పి ఉంది. ఎవరిదని అడిగాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక.

"బుల్లిదేనండీ. నెలలో ఇది రెండోసారి బిగించడం. పొడుగవుతోంది కదా, సాగిపోతోంది." ఆవిడ స్కర్టు పక్కన పెట్టింది. "ఏమైందో చెప్పండి. పని పోయిందా?"

పని సంగతి తర్వాతన్నాడు. డాక్టరమ్మకి అంతా చెప్పేశానన్నాడు. ఆవిడ కళ్ళల్లో భయం కదిలింది. అతను జేబులోంచి అంకెల కాగితం తీసి, మడత విప్పి, మిషను బల్ల మీద పరిచాడు.

"నన్ను చూడు. నేను మనిషిని కాను. నా జబ్బు దాచుకోవడానికి నీ రక్తం వాడుకున్నాను. ఆ రక్తంలో అంకె పెరిగితే నీకేమైందోనని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అనుకోలేదు. తింటున్నావని తిట్టాను. ఇది తిండి వల్ల కాదట. నీకు షుగరొచ్చింది. మూడు వారాల్లో ఇంత పెరగడం చాలా ప్రమాదమట. లే, చీర మార్చుకోవద్దు, ఇలాగే వెళ్దాం పద."

పైవాడు ఏడుస్తున్నాడు. పదమూడేళ్ళ కాపురంలో ఆవిడ అది చూడ్డం ఇదే మొదలు. ఆవిడ మాత్రం ఏడవలేదు. కాగితం దగ్గరికి వంగి, వేలు పెట్టి, పైనుంచి కిందికి ఒక్కో అంకె చదివింది. కిందికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. మొహంలో రక్తం చుక్క లేదు.

"ఇవి నావి కావండీ," అంది.

అతనికి అర్థం కాలేదు. నీవే, మీటరులోవే, డాక్టరమ్మ చూసి రాసిందన్నాడు.

"మీటరులోవే. నావి కావు." ఆవిడ కాగితం మీంచి వేలు తీసేసింది. "కేకు తిన్నానని అరిచారు చూడండి, ఆ రోజు. అప్పట్నుంచి సూది పట్టుకోవాలంటే చేతులు వణికేవి. మళ్ళీ ఎక్కువొస్తే ఏమంటారో, మీ ఉద్యోగం నా వల్ల పోతుందేమోనని. పసిపిల్ల, దానికేముంటుంది, దాని రక్తం శుభ్రంగా ఉంటుంది కదా అనుకున్నాను. రెండు నెలల్నుంచి బడికి వెళ్ళేముందు దాని వేలే గుచ్చుతున్నాను. నాన్న కోసమేనా అని అడిగి తనే చెయ్యి చాపేది."

పైవాడు కాగితం మీది అంకెల్ని మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"మొదట్లో బాగానే వచ్చాయి. తర్వాత పెరగడం మొదలెట్టాయి. మీరు నన్ను అడిగారు. నేను దాన్ని అడిగాను. దొంగతనంగా ఏం తింటున్నావే అని. తినట్లేదమ్మా, ఒట్టు అంది. నమ్మలేదు. బిస్కట్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒకరోజు కొట్టాను కూడా." ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని, ఆ చేతుల్ని చూసుకుంటూ చెబుతోంది. "బిందె దగ్గరే ఉంటోందండీ ఎప్పుడూ. ఎండలకేమో అనుకున్నాను. పక్క తడుపుతోంది. ఇంత పెద్దదానివి సిగ్గులేదా అన్నాను."

పైవాడికి చెవుల్లో క్రేను గంట మోగినట్టయింది. దాహం. ఒంటేలు. సీసాని గిన్నెల కింద దాచినవాడు తను. పక్క తడిపిన దుప్పటిని దాచుకోవడానికి ఆ పిల్ల ఎన్ని పాట్లు పడి ఉంటుందో అతనికి తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికి తెలుస్తుంది? ఇంట్లో ఒకే జబ్బు రెండు ఒళ్ళల్లో దాక్కుని ఉంటే, పెద్దవాడు సిగ్గుతో మూసిపెట్టాడు, చిన్నది దెబ్బలకి భయపడి మూసిపెట్టింది.

"ఇప్పుడెక్కడుంది?" అన్నాడు లేస్తూ.

"బళ్ళో. పొద్దున్న రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపులో నొప్పంది. పరీక్ష ఎగ్గొట్టడానికి వేషాలని..." ఆవిడ మాట పూర్తిచెయ్యలేదు. "నేనే దిగబెట్టి వచ్చాను. గేటు దాకా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను."

అతను గుమ్మం దాటేలోపే బల్ల మీద ఆవిడ ఫోను మోగింది. ఆవిడ ఫోను ఎత్తి అతనికి అందించింది. అవతల టీచరమ్మ. గొంతులో గాభరా అణుచుకుంటోంది. పాప పరీక్ష రాస్తూ బెంచీ మీద తల వాల్చేసిందట. నిద్రపోయిందేమో అనుకున్నారట. లేపితే లేవడం లేదట. ఊపిరి పెద్దగా, వేగంగా తీస్తోందట. అంబులెన్సు గేటు దగ్గరికి వచ్చిందట.

"వాళ్ళు అడుగుతున్నారండీ, పాపకి ముందునుంచీ ఏదైనా జబ్బు ఉందా? బడి ఫారంలో ఏమీ లేదని మీరే రాశారు."

పైవాడు భార్య వైపు చూశాడు. ఆవిడ నీలం స్కర్టు గుండెలకి అదుముకుని, అతని నోటి వైపే చూస్తోంది. అతను మిషను మీది కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఉంది టీచర్‌గారూ. షుగరు. ఇప్పుడే, వాళ్ళకి వినబడేలా గట్టిగా చెప్పండి. నిన్న పొద్దున్న పరగడుపున రెండువందల అరవై రెండు. మూడు వారాల అంకెలూ నా దగ్గరున్నాయి, పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాను. కాగితం మీద నా పేరుంటుంది. అది చూడొద్దనండి, అవన్నీ మా పిల్లవే."